రాయి రాయికీ నంబరు... మమ్మీకి నైట్రోజన్

పాత కట్టడం కనిపించగానే మనవాళ్లకు చప్పున తోచేది రంగేయడం. చేతిలో కాస్త డబ్బుంటే టైల్స్ పరచడం, ఇంకా ఉంటే పడగొట్టి కొత్తది కట్టేయడం. చారిత్రక కట్టడాలనూ వస్తువులనూ కాపాడే సంస్థల పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. వీలైనంత తక్కువ ముట్టుకోవాలి. చేసిన మరమ్మతు రేపెవరైనా తీసేయగలిగేలా ఉండాలి. చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలి. వినడానికి చాదస్తంలా ఉండే ఈ మూడు నియమాల వెనక ఎన్ని తంటాలున్నాయో, ఎన్ని తమాషాలున్నాయో చూడండి.

గుడి ముందు మండపాన్ని విప్పేశారు

హనుమకొండ వేయిస్తంభాల గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపం కాలక్రమంలో కుంగి, స్తంభాలు ఒరిగిపోయాయి. దాంతో 2006లో కేంద్ర పురావస్తు శాఖ మండపాన్ని విప్పేసింది. కూల్చలేదు, విప్పింది. కప్పురాళ్లు, దూలాలు, స్తంభాలు ఒక్కొక్కటే దించి, ఏది ఎక్కడిదో తెలిసేలా నంబర్లు వేసి పక్కన పేర్చారు. విరిగిపోయిన వాటి స్థానంలో శిల్పులు కొత్తవి చెక్కారు. 132 స్తంభాల ఆ మండపం మళ్లీ నిలబడి, 2024 మార్చి 8న మహాశివరాత్రి నాడు భక్తులకు తెరుచుకుంది. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి. ఆలస్యమైందని విసుక్కున్నవాళ్లు ఎందరో. అయినా కాంక్రీటు పోసి త్వరగా అయిందనిపించుకోవడం కంటే ఇదే మేలు.

ఇసుక మీద గుడి, నీళ్లమీద ఇటుక

కాకతీయులు పునాది గొయ్యిని ఇసుకతో నింపి, దానిమీద రాతికట్టడం లేపేవారు. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక తనలో ఇముడ్చుకుంటుందని ఇంజినీర్లు చెబుతారు. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన రామప్ప గుడిదీ ఇదే పద్ధతి. పైగా దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. కింద రాతి గోడలమీద బరువు పడకుండా చేసిన ఏర్పాటది. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు దక్కిన మొదటి కట్టడం ఇదే. దీనికోసం ఏళ్ల తరబడి కాగితాలు, కొలతలు, పటాలు సిద్ధం చేసినవారిలో కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ఒకటి. ఒక విశ్రాంత ఐఏఎస్ అధికారి, వరంగల్ ఎన్‌ఐటీకి చెందిన ఒక ఇంజినీరింగ్ ఆచార్యుడు కలిసి మొదలుపెట్టిన సంస్థ అది.

ఒక బడిపంతులు చూసిన స్తంభం

మాచర్ల ప్రాంతంలోని సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు 1926లో కొండల మధ్య లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు నుంచి శాసన విభాగం తెలుగు సహాయకుడు వచ్చి పరిశీలించారు. అలా బయటపడిందే నాగార్జునకొండ, మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. పాతికేళ్లు దాటాక అక్కడ సాగర్ డ్యామ్ కట్టాలనుకున్నారు. లోయంతా మునుగుతుందని తేలింది. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ గడియారంతో పోటీపడి తవ్వకాలు చేసింది. తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండమీదకీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి తిరిగి కట్టింది. మరో పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేయించింది. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. లాంచీ ఎక్కి వెళ్లి చూసే మ్యూజియం దానిమీదే ఉంది.

ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కోసం అబూ సింబెల్ గుళ్లను కోసి ఎత్తుమీదకు చేర్చిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఆ పని జరిగింది 1964-68 మధ్య. మన లోయలో తవ్వకాలు అంతకు ముందే పూర్తయ్యాయి.

అలంపురం చేరిన సంగమేశ్వరుడు

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లూ చాలా గుళ్లను కదిలించాయి. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలో బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి తిరిగి నిలబెట్టారు. పాపనాశి గుళ్ల సముదాయాన్నీ అలాగే తరలించారు. నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం కథ వేరు. అది ఉన్నచోటే ఉండిపోయింది. ఏటా నెలల తరబడి జలాశయం అడుగున మునిగి, ఎండాకాలంలో నీటిమట్టం తగ్గాక బయటపడుతుంది. అక్కడి శివలింగం వేప మొద్దుది. నీళ్లు దిగాక పూజారులు బురద కడిగి మళ్లీ పూజలు మొదలుపెడతారు.

సిమెంటును గీకేస్తే గట్టిపడ్డ గుమ్మటాలు

గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల తోటలో 106 ఎకరాల్లో దాదాపు వంద కట్టడాలున్నాయి. ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ 2013లో మొదలుపెట్టిన పునరుద్ధరణ 2024 జులైలో ముగిసింది. అక్కడ జరిగిన పెద్ద పనుల్లో ఒకటి, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును గీకేయడం.

సిమెంటు గట్టిది కదా, ఎందుకు తీయాలి? ఆ గట్టితనంతోనే చిక్కు. పాత గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ తేమను బయటకు పోనివ్వదు. లోపలి ఇటుక, సున్నం కుళ్లి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతూ పాత గచ్చును కూడా లాక్కుపోతుంది. అందుకే మళ్లీ డంగు సున్నమే వాడారు. కాల్చిన సున్నాన్ని నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బుతారు. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, కరక్కాయ ఊరిన నీళ్లు, గుడ్డుసొన లాంటివి చోటును బట్టి కలపడం మన మేస్త్రీల పాత అలవాటు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్లమీద రాయవుతుంది. తొందరపడేవాళ్లకు పనికొచ్చే సరుకు కాదది.

కూలిన బావికి అవార్డు

ఆ తోటలోనే ఉన్న బడీ బావిలో ఒక వైపు గోడ 2013 వానలకు కూలిపోయింది. పూడ్చేస్తే అడిగేవాళ్లు లేరు. పడిన రాళ్లను ఏరి, మిగిలినవి జోడించి, సున్నంతో తిరిగి కట్టారు. ఇప్పుడందులో వాన నీళ్లు నిలుస్తున్నాయి. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకూ మరో పురస్కారం వచ్చింది. అది ప్రభుత్వ కట్టడం కాదు, కామినేని వంశస్థులు సొంతంగా బాగుచేయించుకున్న పూర్వీకుల కోట. అంతకుముందు 2010లో హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు ఈ గౌరవం దక్కింది.

మంచి చేయబోతే పచ్చబడిన అజంతా

అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖకు గులాం యాజ్దానీ అధిపతి. గోడల మీది చిత్రాలు పెచ్చులూడుతుంటే ఆయన హయాంలో ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించారు. 1920-22 మధ్య వాళ్లు ఊగుతున్న పూతను గోడకు అతికించి, బొమ్మలమీద లక్క వార్నిష్ వేశారు. ఆ రోజుకు అది యూరప్‌లో మెచ్చుకునే విద్యే. ఆ పనివల్ల ఊడిపోవాల్సిన బొమ్మలు నిలిచాయి కూడా. అయితే కాలం గడిచేకొద్దీ వార్నిష్ పసుపు తిరిగి నల్లబడింది. దుమ్ము పట్టుకుంది, అసలు రంగులు మసకబారాయి. ఆ తర్వాత పురావస్తు శాఖ రసాయన నిపుణులు వేలెడంత చోటు చొప్పున ఆ పూతను కరిగిస్తూ ఏళ్లు గడిపారు. ‘చేసిన పని మళ్లీ తీసేయగలిగేలా ఉండాలి’ అనే నియమానికి అజంతా కంటే మంచి పాఠం లేదు.

తాజ్‌మహల్‌కు ముల్తానీ మట్టి

బ్యూటీపార్లర్లో ముఖానికి రాసే ముల్తానీ మట్టినే తాజ్‌మహల్‌కూ రాస్తారు. పొగ, దుమ్ము అంటి పాలరాయి పసుపు పచ్చబడితే ఆ మట్టిని రెండు మిల్లీమీటర్ల మందాన పట్టించి ఆరనిస్తారు. ఆరుతూ అది మురికిని లాగేస్తుంది. తర్వాత శుద్ధమైన నీటితో కడుగుతారు. 1994 నుంచి కొన్నిసార్లు ఇలా చేశారు. ఆమ్లాలు వాడితే తెల్లదనం త్వరగా వస్తుంది, దాంతోపాటు పాలరాయి పైపొర కూడా పోతుంది. మన గుళ్లలో శిల్పాల మురికి వదిలించడానికి ఒత్తిడితో ఇసుక చిమ్మే యంత్రాలు వాడటాన్ని నిపుణులు వద్దనేది ఇందుకే. రాయి తళతళలాడుతుంది. దేవతామూర్తి ముక్కు, శాసనంలో అక్షరం మొద్దుబారిపోతాయి.

ఊపిరాడని పెట్టెలో రాకుమారి

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటుంది. పేరు నైషు, రాకుమారి అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడో నిజాంకు ఇచ్చారు. 1930లో మ్యూజియానికి చేరింది. రెండు వేల ఏళ్లకు పైగా ఎడారి పొడిలో చెక్కుచెదరని శరీరం హైదరాబాద్ తేమలో పాడవడం మొదలుపెట్టింది. చుట్టిన గుడ్డలు వదులయ్యాయి. ఇప్పుడు దాన్ని గాలి చొరబడని గాజు పెట్టెలో ఉంచి, ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపారు. ఆక్సిజన్ లేకపోతే పురుగు బతకదు, బూజు పట్టదు. మమ్మీకి ఏ మందూ పూయలేదు, చుట్టూ ఉన్న గాలిని మార్చారంతే.

ఊడలకు సెలైన్ సీసాలు

కాపాడాల్సినవన్నీ రాళ్లే కానక్కర్లేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లని చెబుతారు. 2017 డిసెంబర్లో దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. కాండానికి కన్నాలు పెట్టి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు అటవీ అధికారులు నీటిలో కలిపిన చెదల మందును సెలైన్ సీసాల్లో నింపి, చెట్టు పొడవునా వేలాడదీసి, బొట్టు బొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు దిమ్మెలు కట్టి ఊతమిచ్చారు. ఊడలు తొక్కకుండా జనాన్ని కొన్నేళ్లు దూరం పెట్టారు. చెట్టు మళ్లీ చిగిర్చింది.

బట్టీల పాలైన స్తూపం, కాగితం మీద బతికిన శిల్పం

అమరావతి మహాస్తూపం సున్నపురాతిది. అదే దానికి శాపమైంది. 18వ శతాబ్దం చివర ఆ ప్రాంతంలో కొత్త పట్నం కడుతున్నప్పుడు దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుపోయారు. శిల్పాలున్న పలకలు కొన్ని గోడల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. ఆ రోజుల్లో అటు వచ్చిన కల్నల్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి తన మనుషులతో పలకల బొమ్మలు గీయించాడు. గీసిన పలకల్లో కొన్ని తర్వాత కనిపించకుండా పోయాయి. అవి ఎలా ఉండేవో మనకు తెలిసేది ఆ బొమ్మల వల్లే. మిగిలిన వాటిలో చాలా భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియం, చెన్నై మ్యూజియం పంచుకున్నాయి.

మెకంజీకి కుడిభుజాలు కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు. ఊరూరా కరణాల నోట విని రాయించిన గ్రామ చరిత్రలే కైఫియత్తులు. వాటి ప్రతులు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ మళ్లీ రాయించి పెట్టాడు. ఈనాటికీ ఊరి చరిత్ర రాయాలనుకునే ప్రతివాడూ మొదట తెరిచేవి అవే.

హుండీ ఎదుట రాగి ఖజానా

అన్నమయ్య పాటలు మనకు మిగలడానికి కారణం ఆయన వంశీకుల ముందుచూపు. తాటాకు చెడిపోతుందని సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న గదిలో దాచారు. ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. రెండు వేల పైచిలుకు రేకులు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని చదివి అచ్చుకెక్కించారు. అయితే రేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరు మాత్రమే. స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన వాళ్లు కట్టిన వరసలనే నేడు మనం పాడుకుంటున్నాం. లోహం మాటను దాచగలిగింది, గొంతును దాచలేకపోయింది.

కోఠిలో బొమ్మరిల్లు

కోఠి మహిళా విశ్వవిద్యాలయంలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీని జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. పని 1803లో మొదలై 1806లో పూర్తయింది. ఆయన 1805లోనే కన్నుమూశాడు. ఆయన పెళ్లాడిన హైదరాబాదీ యువతి ఖైరున్నీసా పరదా పాటించేది. మగవాళ్లు తిరిగే ఆ భవనంలోకి రాలేదు కాబట్టి, భవనం ఎలా ఉంటుందో చూపించడానికి ఆమె తోటలో ఒక బుల్లి నమూనా కట్టించాడని చెబుతారు. ఆ భవనాన్ని ప్రపంచ స్మారకాల నిధి 2002లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. తర్వాత ఆ సంస్థ చేయించిన మరమ్మతుల్లో ఆ బుల్లి నమూనా కూడా బాగుపడింది.

బాగుచేయడమంటే తీసేయడమే

1935 నాటి మొజంజాహీ మార్కెట్ 2020లో కొత్తగా కనిపించింది. నిజానికి కొత్తగా కట్టింది తక్కువ. గ్రానైట్ మీద పేరుకున్న పొరలు, వేలాడే వైర్లు, హోర్డింగులు, అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చిన రేకుల కప్పులు తీసేశారు. ఐస్‌క్రీమ్ దుకాణాలను కదల్చలేదు. జనం వాడుకునే కట్టడం ఎక్కువ కాలం నిలుస్తుందని ఈ రంగంలో ఎవరినడిగినా చెబుతారు. తలుపులు మూసి తాళం వేసిన గోడమీదే రావిమొక్క ముందుగా మొలుస్తుంది.

ఒక వ్యాపారి వీలునామా

కేంద్ర పురావస్తు శాఖ 1861లో పుట్టింది. దాని రక్షణలో ఉన్న కట్టడాలు దేశమంతటా కలిపి 3,700కు కాస్త అటూఇటూ. మరి ఊళ్లలోని గడీలు, కోనేళ్లు, పాత బడులు, దర్గాలు, మండువా ఇళ్ల మాటేమిటి? వాటికోసం 1984 జనవరిలో ఇంటాక్ అనే సంస్థ ఏర్పడింది. పుపుల్ జయకర్ లాంటి వాళ్లు దీని వెనక ఉన్నారు. మొదటి పెట్టుబడి ఎక్కడిదనుకుంటున్నారు? కలకత్తాలో వ్యాపారం చేసి 1916లో చనిపోయిన చార్లెస్ వాలెస్ అనే ఇంగ్లిష్ వ్యాపారి తన సంపదను ఇటు భారత ఖజానాకూ అటు బ్రిటన్ ఖజానాకూ రాసిపోయాడు. దశాబ్దాల తర్వాత ఆ సొమ్ము ఈ పనికి అక్కరకొచ్చింది. ఇంటాక్ 2004లో ప్రకటించిన విధాన పత్రం ఇంకో మంచి మాట చెప్పింది. కట్టడంతోపాటు దాన్ని కట్టే మేస్త్రీ విద్యను కూడా కాపాడాలని. డంగు సున్నం రుబ్బడం తెలిసిన చెయ్యి లేకపోతే నిధులెన్ని ఉన్నా లాభం లేదు.

రీలు డబ్బాలో వెనిగర్ వాసన

పాత సినిమా రీలు డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఆ ఫిల్మ్ చావుబతుకుల్లో ఉన్నట్టు. ఎసిటేట్ ఫిల్మ్ విరిగిపోతూ వదిలే ఆమ్లపు వాసన అది. పక్కనున్న రీళ్లకూ అంటుకుంటుంది కాబట్టి వెంటనే వేరుచేయాలి. చల్లని, పొడి గదే దానికి మందు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబర్లో హైదరాబాద్‌లో రీళ్లు శుభ్రం చేయడం, అతకడం నేర్పే శిబిరం పెట్టింది. 2024లో అక్కినేని శతజయంతికి ఆయన పాత సినిమాలను దేశంలో చాలా ఊళ్ల థియేటర్లలో మళ్లీ చూపించింది కూడా.

పది రూపాయల నిధి, డెబ్బై అయిదేళ్ల తాటాకు

చివరగా చట్టం సంగతులు కొన్ని. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి ఉంటేనే. గోడమీద ప్రేయసి పేరు చెక్కితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి. వందేళ్లు దాటిన శిల్పం, నాణెం పురావస్తువే. రాతప్రతికైతే డెబ్బై అయిదేళ్లే చాలు.

అంటే మీ అటకమీద ఎర్రగుడ్డలో చుట్టి ఉన్న తాతగారి తాటాకుల కట్ట కూడా బహుశా ఆ లెక్కలోకే వస్తుంది. దొరికితే దానికి పసుపు కుంకుమలు అద్దకండి, సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. ఎండలో ఆరబెట్టొద్దు. ఆకులు పెళుసుబారి అతుక్కుని ఉంటే విడదీయబోవద్దు. నిమ్మగడ్డి నూనె పూసి మెత్తబరచడం, అక్షరాలు కనిపించేలా దీపపు మసి అద్దడం తెలిసినవాళ్లున్నారు. హైదరాబాద్‌లోని ప్రాచ్య లిఖిత భాండాగారాన్నో, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థనో అడగండి. కట్టను వాళ్లకు ఇచ్చేయడం ఇష్టం లేకపోతే మీ దగ్గరే ఉంచుకోండి, ఆకు ఆకునూ ఫొటో తీసుకోనివ్వండి చాలు.